రికవరీ ఎంత?

నిజామాబాద్‌లో ఒక పత్రిక జిల్లా డెస్కులో చేరిన కొత్తలో, ఒక సాయంత్రం మా ఇన్‌ఛార్జి నన్ను పిలిచి నేను దిద్దిన పేజీ ముందు పెట్టాడు. మూడు వార్తల్లో ఒకే మాట ఉంది. పోలీసులు దొంగ దగ్గర నగలు రికవరీ చేశారు. బ్యాంకు వాళ్ళు ధర్పల్లి వైపు ఊళ్ళలో రికవరీకి తిరుగుతున్నారు. బాల్కొండ దగ్గర హైవే మీద దెబ్బలు తగిలిన ఉపాధ్యాయుడు ఆస్పత్రిలో రికవరీ అవుతున్నాడు.

"ముగ్గురూ ఒక్క పనే చేస్తున్నరా?" అని అడిగాడు. తర్వాత ఎర్రపెన్ను తీసి మొదటిదాన్ని స్వాధీనం అని, రెండోదాన్ని వసూలు అని, మూడోదాన్ని కోలుకోవడం అని మార్చాడు. ఇంగ్లీషు వాళ్ళు ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు, మనం అట్లా సరిపెట్టుకుంటే చదివేవాడికి ఏమీ అర్థం కాదని చెప్పాడు. నేను తలూపాను గానీ నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకని అడిగితే, మా ఇంట్లో ఇది నాలుగో అర్థంతో తిరుగుతుందని చెప్పాను.

మా ఇంట్లో నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ల్యాబ్ మనిషి అనేవాళ్ళు గానీ, ఆయన ల్యాబ్‌లో కూర్చున్నది తక్కువ, చెరుకు తోటల్లో తిరిగింది ఎక్కువ. కోతలకు ముందు సైకిలు మీద ఊరూరా పోయి, గడకు గాటు పెట్టి, రెండు చుక్కల రసం చేతిలో పట్టే చిన్న గొట్టం అద్దం మీద వేసి, కంటికి ఆనించి తీపి ఎంతుందో చూసేవాడు. ఏ తోట పండింది, ఏది ఇంకా ఆగాలి అన్నది ఆయన చెబితే, దాన్ని బట్టి కోతకు ఆర్డర్లు ఇచ్చేవాళ్ళు. వంద కిలోల చెరుకు ఆడిస్తే ఎన్ని కిలోల చక్కెర చేతికి వస్తుందో, అదే ఫ్యాక్టరీ భాషలో రికవరీ. పండని చెరుకు కోస్తే తగ్గుతుంది. కోసిన చెరుకు బండ్ల మీద ఎండలో నిలబడిపోయినా తగ్గుతుంది.

సీజన్ నడిచినన్నాళ్ళూ ఊరంతా ఉడికిన రసం వాసన ఉండేది. బాపు చొక్కాలకు ఆ వాసన ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. ఆయన ఇంటికి రాగానే అవ్వ చెంబుతో నీళ్ళిచ్చి, "ఇయ్యాల రికవరీ ఎంత?" అని అడిగేది. ఆమెకు చదువు రాదు. ఆ మాట ఇంగ్లీషుదని కూడా ఆమెకు తెలియదనుకుంటాను. బాగా వచ్చిందంటే ఆ పూట ఇంట్లో అందరమూ హుషారుగా ఉండేవాళ్ళం. దాంతో మాకు ఒరిగేదేమీ లేదు, జీతం అంతే. అయినా అది మా ఇంటి మంచిచెడ్డల్లో ఒకటైపోయింది.

బాపుకు ఆ తోటల్లో దొరికిన స్నేహితుడు ఒకడుండేవాడు. కోస్తా నుంచి ఆయన తండ్రి నాటి కాలంలోనే వచ్చి, నిజాంసాగర్ కాలువ కింద భూమి చేసుకుంటున్న రైతు. మా దగ్గర అట్లాంటి వాళ్ళ పల్లెలను క్యాంపులంటారు. ఆయన మా ఇంటికి వస్తే మాట ముందు వినిపించేది, మనిషి తర్వాత కనిపించేవాడు. మా ఇండ్లల్లో తండ్రి తమ్ముడిని చిన్నాయన అంటాం, ఆయన మాత్రం "నన్ను బాబాయ్ అనరా" అని నాకు అలవాటు చేశాడు. అవ్వ చేసే జొన్నరొట్టెలు మొదట్లో నీళ్ళు తాగుతూ మింగేవాడు, తర్వాత అడిగి చేయించుకునేవాడు. ఎండాకాలం రాగానే వాళ్ళింటి నుంచి ఒక జాడీ ఆవకాయ వచ్చేది.

నేను ఇంటర్ చదువుతున్న ఏడు వాళ్ళిద్దరికీ చెడింది. ఆ ఏడు బాబాయ్ తోట ముందే కొట్టించి, ఆ పొలంలో కాలువ నీళ్ళకు వరి వేద్దామనుకున్నాడు. కోత కూలీల ముఠా కూడా మహారాష్ట్ర నుంచి వచ్చి సిద్ధంగా ఉంది. బాపు పోయి రసం చూశాడు. సాయంత్రం బాబాయ్ మా వాకిట్లో సైకిలు కూడా దిగకుండా అడిగాడు. బాపు, "ఇప్పుడే కాదు. రికవరీ రాదు," అన్నాడు. బాబాయ్ నవ్వి, మన తోటకి కూడానా అన్నాడు. బాపు నవ్వలేదు.

ఆర్డరు వెనక్కి పోయింది. ఆ ముఠా వేరే ఊరికి తరలిపోయింది. ఇంకో ముఠా దొరికేలోపల ఎండలు ముదిరాయి, ఆకు ఎండి గలగలలాడుతున్న రోజుల్లో పక్క పొలంలో పెట్టిన మంట గాలికి ఎగిరి తోటలో పడింది. కాలువ గట్టు వైపున్నది చాలావరకు కాలిపోయింది. అది ఎవరూ అనుకుని చేసింది కాదు. కానీ రెండు రోజుల తర్వాత బాబాయ్ మా ఇంటికి వచ్చి, గడప బయటే నిలబడి, గొంతు పెంచకుండా చెప్పాడు.

"మీ రికవరీ కోసం నా తోట ఎండబెట్టావయ్యా. ఇంక నీ గుమ్మం తొక్కను."

బాపు లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ క్యాంపు వైపు తోటలు చూసే పని ఇంకొకరికి అప్పజెప్పమని ఫ్యాక్టరీలో అడిగి మార్చుకున్నాడు. తాను చెప్పింది సరైనదా, కాదా అన్న మాట మా ముందు ఎన్నడూ ఎత్తలేదు. ఆవకాయ జాడీ రావడం ఆగిపోయింది. అవ్వ ఒకసారి మాత్రం, "గా అన్న మంచోడే. ఆయిన కడుపు కాలింది," అన్నది. అంతే, ఆ ఇంటి సంగతి మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. బాపుతో పాటు చాలామంది ఇంట్లో కూర్చున్నారు. బోధన్ చుట్టూ చెరుకు తగ్గి వరి, సోయా పెరిగాయి. ఉన్న కొద్ది చెరుకూ లారీల మీద దూరపు మిల్లులకు పోతోంది. అవ్వ అంతకు ముందు నుంచే బీడీలు చుట్టేది, ఇప్పుడు అదే ఇంటికి ఆధారమైంది. నేను నిజామాబాద్‌లో గది తీసుకుని, డెస్కులో ఇంకొకరి మాటలు దిద్దుతూ, సెలవు రోజు బోధన్ పోయి వస్తుండేవాణ్ణి.

రెండేళ్ళ కిందట చలికాలం మొదట్లో ఒక పొద్దున అవ్వ ఫోన్ చేసింది. బాపు చాయ్ కప్పు పట్టుకోలేకపోతున్నాడట. ఏదో అంటున్నాడట గానీ మాటలు కావట. పక్కింటి వాళ్ళ కారులో నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని ఒక ఆస్పత్రికి తెచ్చారు. నేను బండి గేటు పక్కన ఎట్లా పడితే అట్లా ఆపి లోపలికి పరుగెత్తాను. మెదడులో రక్తం గడ్డకట్టిందని, కుడి చెయ్యి, మాట దెబ్బతిన్నాయని చెప్పారు. మనం అనేది ఆయనకు అర్థమవుతుంది, తాను అనదలచుకున్న మాట మాత్రం దొరకదు. డాక్టరు యువకుడు, ఓపికగా చెప్పాడు. రికవరీ ఉంటుంది, కానీ టైం పడుతుంది అన్నాడు.

బయటికి రాగానే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నడు?"

"రికవరీ ఉంటదట అవ్వా."

"ఎంతట?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె మళ్ళీ అడిగింది. "సగమా, ముప్పావా? జెర పోయి మంచిగ అడుగు బిడ్డా."

కోలుకుంటాడని అర్థం అని చెప్పాను. డెస్కులో రోజూ చేసే పనే అది. కానీ ఆమె అడిగిన దానికి నా తెలుగు మాటలో జవాబు లేదు. కోలుకుంటాడు సరే, ఎంత? డాక్టరును కూడా అదే అడిగాను. ఆయన, ఇప్పుడే చెప్పలేమని, మొదటి నెలల్లో ఎంత మాట్లాడిస్తే అంత మంచిదని చెప్పాడు. అవ్వ అది విని, సరే అయితే మాట్లాడిద్దాం అన్నది.

ఆ హడావుడిలో నా బండి పోయింది. మధ్యాహ్నం టిఫిన్ తేవడానికి బయటికి వస్తే గేటు పక్కన లేదు. స్టేషన్‌కు పోయి చెప్పి వచ్చి, మరిచిపోయాను. మూడు, నాలుగు రోజుల తర్వాత బాపు మంచం పక్కన కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. చేతిలో గ్లాసు ఉండటంతో స్పీకర్ నొక్కాను.

"సార్, రికవరీ అయింది," అంది అవతలి గొంతు.

అవ్వ కింద చాప మీద నుంచి లేచి నిలబడింది. ముఖమంతా వెలిగిపోయింది. డాక్టరు చేశాడనుకుంది. ఏదో పరీక్ష రిపోర్టు చూసి చెబుతున్నాడనుకుంది. నేను చెయ్యి అడ్డంగా ఊపుతున్నా చూడకుండా బాపు వైపు వంగి, "ఇన్నవా? అయిందట," అన్నది. అవతల కానిస్టేబుల్ బండి నంబరు చదువుతున్నాడు. అప్పుడు ఆమెకు అర్థమైంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. మంచం మీద బాపు మూతి ఒక పక్కకు లాగి, గొంతులోంచి ఏదో చప్పుడు చేశాడు. భయపడి దగ్గరికి పోయాం. ఆయన నవ్వుతున్నాడు. జబ్బు చేశాక నవ్వడం అదే మొదలు.

వారం దాటాక బోధన్‌కు తీసుకుపోయాం. నేను సెలవు పెట్టాను. మాటలు నేర్పే ఆమె ఆస్పత్రిలో ఒక పద్ధతి చెప్పింది. ఇంట్లో వస్తువులు చూపించి పేర్లు అడగాలి, తప్పు చెప్పినా విసుక్కోకూడదు. నేను చెంచా, దువ్వెన, తాళంచెవి ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. బాపుకు అన్నింటికీ ఒకే మాట వచ్చేది, "బండి". చెంచా బండి, దువ్వెన బండి. అది తప్పని ఆయనకు తెలుస్తూనే ఉండేది. నుదురు చిట్లించి, రెండోసారి ప్రయత్నించి, మళ్ళీ అదే వస్తే తల గోడ వైపు తిప్పుకునేవాడు. అవ్వ వేళ్ళకు పని ఉండాలని ఆయన కుడిచేతిలో బీడీ ఆకు పెట్టి మడతపెట్టమనేది. ఆకు చిరిగిపోయేది. ఆమె ఇంకొకటి పెట్టేది. కొన్నాళ్ళకు ఆయన వస్తువుల వైపు చూడటమే మానేశాడు. నేను చెంచా ఎత్తగానే కళ్ళు మూసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగింది. దిగిన మనిషిని నేను వెంటనే పోల్చుకోలేదు. జుట్టు తెల్లబడింది, మనిషి సన్నబడ్డాడు. గడప దగ్గర ఆగి లోపలికి చూస్తున్నాడు.

అవ్వ చేటలోంచి తల ఎత్తి చూసి, చేతిలో ఆకు కింద పెట్టింది. "రా అన్న, కూసో," అన్నది, నిన్న వచ్చిపోయిన మనిషితో అన్నట్టుగా.

బాబాయ్ చెప్పులు విడిచి వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఎట్లా ఉందని అడగలేదు. బజార్లో ఎవరో చెబితే తెలిసిందని అవ్వతో అన్నాడు. తర్వాత బాపు ముఖం కేసి కాసేపు చూసి, తన సంగతి మొదలుపెట్టాడు. వరికి మందుల ఖర్చు, కాలువలో గడ్డి, మోకాళ్ళ నొప్పి, అన్నీ. ఆ పాత గొంతే, కొంచెం బొంగురుపోయింది. బాపు కళ్ళు తెరిచి వింటున్నాడు. నేను చెంచా, దువ్వెన అక్కడినుంచి తీసేశాను.

వెళ్ళబోయే ముందు బాబాయ్ కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఒక చిన్న చెక్క పొలంలో చెరుకు ఇంకా ఉంచుకున్నాడట. నాందేడ్ వైపు ముఠా ఒకటి వచ్చింది, మరాఠీలో తప్ప మాట్లాడరు, కానీ పని శుభ్రంగా చేస్తారు. ఎల్లుండి కొట్టించేస్తానంటున్నాడు. ఎప్పుడు నాటాడో, ఎప్పుడు నీళ్ళు ఆపాడో చెప్పాడు. చెప్పి, "ఏవంటావయ్యా?" అని అడిగాడు.

బాపు పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు. ఎడమచెయ్యి మంచం అంచు మీద గట్టిగా బిగుసుకుంది. మళ్ళీ "బండి" అంటాడేమోనని నాకు భయం వేసింది.

"ఇప్పుడే... కాదు," అన్నాడు బాపు.

అవ్వ చేట పక్కకు జరిపింది. ఆయన ఊపిరి పీల్చుకుని, ప్రతి అక్షరాన్నీ లోపలినుంచి లాగుతున్నట్టుగా అన్నాడు.

"రికవరీ... రాదు."

వెనకటి రోజు వాకిట్లో బాపు అన్న ఆ మాట నాకు ఎట్లా గుర్తుందో బాబాయ్‌కూ అట్లాగే గుర్తుండి ఉంటుంది. ముఖం ఎర్రబడింది. కోపం వచ్చిందనే అనుకున్నాను. ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకుని, బాపు మోకాలి మీద చెయ్యి వేశాడు.

"అప్పుడూ ఇదే అన్నావు కదయ్యా," అన్నాడు. "సర్లే. ఈసారి ఆగుతాను."

తర్వాత నేను ఆయన్ని ఆటో దాకా సాగనంపుతూ, బాపును మాట్లాడించడానికే అట్లా అడిగారా అని అడిగాను. ఆయన నా వైపు విచిత్రంగా చూశాడు. అదేం లేదు, నిజంగానే ఎల్లుండి కోయిద్దామనుకున్నానని చెప్పాడు. ఆటో ఎక్కాక, ఆ మంట ఎవరి తప్పూ కాదని అప్పుడే తెలుసురా అన్నాడు. తెలిసీ ఇన్నేళ్ళు ఎందుకు రాలేదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ మర్నాటి నుంచి దాదాపు ప్రతిరోజూ వచ్చేవాడు. పేర్లు చెప్పమని అడిగేవాడు కాదు. ఏదో ఒకటి తప్పుగానో, ఒప్పుగానో తన పొలం గురించి చెప్పి, బాపు ఏమంటాడో వినేవాడు. బాపుకు మొదట కాదు, అవును వచ్చాయి. తర్వాత తోటల మాటలు వచ్చాయి, గడ, రసం, గాటు, ముఠా. అవ్వ చేటలో ఉన్న తునికాకు పేరు ఒక పొద్దున తనంతట తానే అన్నాడు. చెంచా, దువ్వెన చాలా ఆలస్యంగా వచ్చాయి. మాటలు నేర్పే ఆమెకు ఈ సంగతి చెబితే, ఎక్కువ వాడిన మాటలు కొందరికి ముందు వస్తాయని, మీ స్నేహితుడు చేస్తున్నదే మంచి వైద్యమని అన్నది.

సంక్రాంతి దాటి చలి తగ్గాక, బాబాయ్ కారు మాట్లాడుకుని వచ్చాడు. తోట చూడటానికి రమ్మన్నాడు. బాపును ముందు సీట్లో కూర్చోబెట్టి, నేనూ అవ్వా వెనక కూర్చున్నాం. గట్టు మీద కుర్చీ వేశారు. బాపు దగ్గర పాత పరికరం లేదు, అది ఫ్యాక్టరీదే, ఎప్పుడో అప్పజెప్పాడు. బాబాయ్ ఒక గడ నరికి, మొదలు దగ్గర ఒక ముక్క, కొస దగ్గర ఒక ముక్క చెక్కు తీసి ఇచ్చాడు. పండిన చెరుకైతే కొసకూ మొదలుకూ తీపిలో పెద్ద తేడా ఉండదు. బాపు కుడి దవడ ఇంకా మాట వినడం లేదు. ఎడమవైపు పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. రసం గడ్డం మీదుగా చొక్కా మీదికి కారింది. అవ్వ కొంగుతో తుడిచింది. బాబాయ్ కాలువ వైపు తిరిగి నిలబడ్డాడు, ఆ తుడవడం అయిపోయేదాకా.

రెండో ముక్క నమిలి, పిప్పి ఉమ్మేసి, బాపు "కొట్టు," అన్నాడు.

ఆ వారమే కొట్టించారు. చెరుకు దూరపు మిల్లుకు పోయింది. ఆ లారీలో ఉన్నది ఆ తోట చెరుకు ఒక్కటే కాదు, ఇంకా ఎవరెవరిదో కలిసింది, కాబట్టి దానికి రికవరీ ఎంత వచ్చిందో ఎవరూ చెప్పలేరు. బాబాయ్ మాత్రం బాగా వచ్చిందట అని బాపుతో చెప్పాడు. బాపు నమ్మలేదని నాకు తెలుసు. అయినా తలూపాడు. ఆ ఎండాకాలం ఆవకాయ జాడీ వచ్చింది. డాక్టరు బాపును ఉప్పూ కారం తగ్గించమన్నాడు కాబట్టి, అన్నంలో ఒక మెతుకంత కలిపి అవ్వ ఇచ్చేది.

ఇప్పుడు బాపు మాట్లాడతాడు. నెలల పేర్లు మాత్రం రాలేదు, ఇక రావేమో. పండుగలను బట్టి, పంటలను బట్టి చెబుతాడు, మాకు అర్థమవుతుంది. కుడిచేత్తో చాయ్ గ్లాసు పట్టుకుంటాడు, నిండుగా పోస్తే ఒలుకుతుంది. మొన్న పరీక్షలకు తీసుకుపోతే డాక్టరు చాలా సంతోషించాడు. బయటికి వచ్చాక అవ్వ ఈసారి నన్ను ఎంతట అని అడగలేదు. ఆమెకు రోజూ కనబడుతున్నదే కదా.

బాబాయ్ ఈ ఏడు ఆ చెక్కలో చెరుకు తీసేసి పసుపు పెట్టాడు. మోకాళ్ళు సహకరించడం లేదు, ముఠాల వెంట తిరగలేనన్నాడు. అది విని బాపు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు మళ్ళీ ఇద్దరూ బస్టాండు దగ్గరి హోటల్లో కూర్చున్నారు. పోయిన ఆదివారం అన్నానికి పిలుచుకు రమ్మని అవ్వ పంపితే నేను అక్కడికి పోయాను. పసుపుకు ఎన్ని తడులు నీళ్ళు పెట్టాలన్న దాని మీద వాదించుకుంటున్నారు. బాపుకు తడులు అన్న మాట అందక, చేత్తో కాలువ పారుతున్నట్టు చూపిస్తున్నాడు. బాబాయ్ కావాలనే అర్థం కానట్టు ముఖం పెట్టాడు. ఇద్దరిలో ఎవరూ లేచేలా లేరు. నేనూ ఒక చాయ్ చెప్పి వాళ్ళ పక్కన కూర్చున్నాను.